పదకొండో ఆటగాడు

నాకు నోరెక్కువ. పట్టిన పట్టు వదలనని మా ఆయన పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాడు. ఈ రెండు గుణాలూ చేపల బేరంలో నాకు బాగానే పనికొచ్చాయి. ఒక్కసారి మాత్రం అవే నా పీకల మీదకు తెచ్చాయి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది అంతర్వేది దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోటు. ఆ చోటును మేం మొగ అంటాం. మా ఆయన చిన్న ఫైబర్ బోటు మీద వేటకు వెళ్తాడు. బోటు మొగ దాటాక కాసేపటి వరకే ఫోన్ పలుకుతుంది. ఆపైన తిరిగొచ్చేదాకా మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియదు. అందుకే మొగలో ఉండగానే ఇంటికి ఫోన్ చేయడం మా పేటలో అందరికీ అలవాటు. గ్యాస్ బండ అయిపోయిందన్నా, పిల్లకు జ్వరం తగ్గిందన్నా ఆ పది నిమిషాల్లోనే చెప్పుకోవాలి.

కొన్నేళ్ళుగా ఆ పది నిమిషాలనూ క్రికెట్ తినేసింది. ఫోన్‌లో జట్టు కట్టే ఆట మీరూ చూసే ఉంటారు. మ్యాచ్ ఆడబోయే రెండు జట్లలోంచి మనం పదకొండు మందిని ఏరుకోవాలి. వాళ్ళు మైదానంలో ఏం చేస్తే దాన్నిబట్టి మనకు పాయింట్లు. మా పేటలో ఏడెనిమిది బోట్ల వాళ్ళం ఒక గ్రూపు పెట్టుకున్నాం. డబ్బు ఊసే లేదు. గెలిచినవాళ్ళ ఇంటికి ఆ వేటలో పడ్డ పెద్ద పండుగప్ప చేప వెళ్తుంది, అంతే. మగాళ్ళు సముద్రం మీద ఉంటారు గనుక జట్టు పెట్టేది ఆడవాళ్ళమే. మొదట్లో మా ఆయన చెప్పిన పేర్లే నొక్కేదాన్ని. రెండో ఏడాదికల్లా ఆయనకంటే నాకే ఎక్కువ తెలిసింది. ఆ సంగతి ఆయన ఒప్పుకోడు. పండుగప్ప ఇంటికొచ్చిన రోజు మాత్రం నోరు మూసుకుని తింటాడు.

ఆ నవంబరులో అల్పపీడనం ఉందని రెండు రోజులుగా అంటున్నారు. మధ్యాహ్నం దాకా అది ఒడిశా వైపు పోతుందనే చెప్పారు. నాలుగు దాటాక, నీళ్ళు సముద్రం వైపు లాగే వేళ చూసుకుని మా బోటు కదిలింది. అందులో ఐదుగురు. సరంగు, అంటే బోటు నడిపే పెద్దాయన, మా ఆయనకు బాబాయి వరస. అరవై దాటినా చుక్కాని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. ఆయన భార్య మా పక్కింట్లోనే ఉంటుంది. నేను అత్తా అని పిలుస్తాను.

ఐదింటికి నేను అరుగు మీద కూర్చుని ఎండుచేపలు మూట కడుతున్నాను. గాలి తూర్పు నుంచి తడితడిగా వస్తోంది. మొగ హోరు రోజూ వినేదే గానీ ఆ రోజు మా అరుగు దాకా వచ్చింది. పడమట ఎండ ఉండగానే ఇటు ఆకాశం పాత ఇత్తడి రంగుకు తిరిగింది. అన్నీ చూశాను. చూసి, చేపలు తడుస్తాయే అని మాత్రం అనుకున్నాను.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టి, జట్టు పేజీ తెరిచాను.

"పదిమందిని పెట్టేశాను మావా. ఒక్కడు మిగిలాడు. కీపర్ని పెట్టనా, ఆ కొట్టేవాణ్ణి పెట్టనా?"

"అడగాలా ఏంటి? కొట్టేవాణ్ణే పెట్టు. నిలబడ్డాడంటే మనల్ని ఎవడూ అందుకోలేడు."

"నిలబడితే కదా! పోయిన మూడు మ్యాచ్‌ల్లో పది పరుగులు దాటలేదు. కీపరైతే బ్యాటు పట్టకపోయినా క్యాచ్‌లు పడతాడు. ఎంతో కొంత తెస్తాడు."

"ఎంతో కొంత తెచ్చేవాడితో పండుగప్ప రాదే."

ఇంజను చప్పుడు వెనక నుంచి సరంగు ఏదో అరిచాడు. ఏంటంటున్నాడని అడిగాను.

"మబ్బు బాలేదంటున్నాడు బాబాయి. అక్కడేమైనా చెప్తున్నారా?"

"ఏం లేదు. ఒడిశా పోయిందనే అంటున్నారు. నువ్వు మాట మార్చకు. కీపర్ సంగతి తేల్చు."

ఇంకో నిమిషం వాదించుకున్నాం. అప్పుడు ఫోన్ పైభాగంలో ఒక మెసేజ్ దిగింది. సరిగ్గా కీపర్ పేరు మీద పడి దాన్ని కప్పేసింది. మత్స్యకారులకు హెచ్చరిక అన్న రెండు మాటలు చదివాను. చదవలేదని అనడానికి వీల్లేదు, చదివాను. ఆ నెలల్లో అలాంటివి రోజుకు రెండొస్తాయి. బొటనవేలితో పక్కకు తోసేసి, పోయిన మ్యాచ్‌లో కీపర్ పట్టిన క్యాచ్‌లు ఒక్కొక్కటీ ఏకరువు పెట్టాను.

ఆయన విసుక్కుని, నవ్వేశాడు.

"సరేనే తల్లీ, నీ ఇష్టం. నీ కీపర్నే..."

అక్కడ లైను తెగింది.

గెలిచాననుకున్నాను. కీపర్ని పెట్టి, జట్టు ఫోటో తీసి గ్రూపులో పడేశాను. ఆ తర్వాతే తీరిగ్గా మెసేజ్ తెరిచాను. అల్పపీడనం తుపానుగా మారిందట, దారి మార్చుకుని మన తీరం వైపు వస్తోందట, సముద్రంలో ఉన్నవాళ్ళు వెంటనే ఒడ్డు చేరాలట. ఫోన్ చేశాను. అందుబాటులో లేరంది. మళ్ళీ చేశాను. ఎన్నిసార్లు చేశానో తెలియదు గానీ, ఆ అమ్మాయి గొంతు అదే మర్యాదతో అదే మాట చెబుతూ ఉంది. బోటు యజమాని ఇంటికి పరిగెత్తాను. వైర్‌లెస్ సెట్టు పెద్ద బోట్లకే ఉంటుంది, మా బోటులో లేదు. ఆయన ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఐదింటికి మీ ఆయనతో మాట్లాడావా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏడింటికి ఎక్కడో వేరే రాష్ట్రంలో మ్యాచ్ మొదలైంది. ఇక్కడ మా రేకులు ఎగిరిపడుతున్నాయి. కీపర్ వరసగా క్యాచ్‌లు పట్టాడు. ప్రతి పాయింటుకూ నా ఫోన్ టింగుమంది. కొట్టేవాడు మొదటి బంతికే అవుటయ్యాడు. మా జట్టు అందరికంటే పైకి వెళ్ళింది. ఆ చప్పుడు నా వల్ల కాలేదు. ఫోన్ ఆపేద్దామని చూశాను, కానీ మా ఆయన చేస్తాడేమోనన్న ఆశ చావక ఆపలేకపోయాను. అత్త వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. "మా ఆయనకు మబ్బు సంగతి బాగా తెలుసులే, ఈపాటికి తిప్పేసుంటాడు" అంది. నేను ఫోన్‌ను చాప మీద బోర్లించాను.

రెండు రోజులు గాలీ వానా. మూడో రోజు పొద్దున పేరుపాలెం ఒడ్డుకు మనుషులు కొట్టుకొచ్చారని కబురొచ్చింది. నలుగురు, ప్రాణాలతోనే. చుక్కాని పట్టుకున్న ఆయన మాత్రం రాలేదు.

మా ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి రెండు అరచేతులకూ కట్లున్నాయి. నీళ్ళలో పట్టుకు వేలాడిన తాడు కోసేసింది. మంచం మీద కూర్చుని నా ఫోన్ అడిగాడు. కట్ల చేతులతోనే మెసేజ్‌లు తెరిచి చాలాసేపు చూసి, తిరిగి ఇచ్చేశాడు. తర్వాత గోడకేసి చూస్తూ చెప్పాడు.

"బాబాయి మొగలోనే వెనక్కి తిప్పుదామన్నాడు. నేనే ఆపాను. మా ఇంటిది ఫోన్లోనే ఉంది కదా, ఏదన్నా వస్తే చెప్పదా అన్నాను."

నేను ఏదో అనబోయాను. ఈలోగా అత్త గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ గొంతు పోయింది. మంచం దగ్గర కింద కూర్చుని నా వైపు చూసింది.

"ఐదింటికి అందరికీ మెసేజ్ వచ్చిందంట. అప్పుడు నువ్వు వీడితో మాట్లాడుతున్నావంట. నీకు రాలేదా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అందుకున్నాడు.

"దానికి రాలేదు పిన్నీ. వస్తే చెప్పదా?"

అత్త ఆయన్ని చూడలేదు. నన్నే చూస్తూ, "అంతేనా అమ్మా?" అంది.

"రాలేదత్తా" అన్నాను.

ఆవిడ చెయ్యి చాచి నా తల నిమిరింది. "నువ్వేం చేస్తావులే, నీ తప్పేముంది" అంది. చాలాసేపు అలా నిమురుతూనే ఉంది. ఆవిడ వెళ్ళాక మా ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఈ రోజు వరకూ అడగలేదు.