అద్దమంటే ఏ అద్దం

మా షెడ్డు మేడ్చల్ రోడ్డుకు ఆనుకుని ఉండేది. మూడు వైపులా గోడ, నాలుగో వైపు రోడ్డు దుమ్ము, పైన రేకులు. మా ఆయన గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాడు. సుచిత్ర చౌరస్తా నుంచి ఇటు కొత్త ఇళ్లు లేస్తున్న రోజులవి. ఏ ఇంటికి చూసినా అవే గేట్లు, అవే బాణం మొనలు. చేసిందే చేసి ఆయనకు విసుగొచ్చింది. నాకూ వచ్చింది, కానీ నన్నెవరూ అడగలేదు.

అప్పుడు శామీర్‌పేట చెరువు దగ్గర ఒకాయన హోటల్ కట్టిస్తున్నాడు. కిటికీల పని మాట్లాడటానికి వచ్చి, మా రేకుల మీద పాకిన కాకర తీగను చూస్తూ నిలబడిపోయాడు.

"గిసొంటి తీగ ఇత్తడితోని జేస్తవా? జనం లోపటికి అడుగు పెట్టంగనే ఎదురుంగ కనవడాలె. తీగ నడుమ నడుమ అద్దాలు పెట్టు."

"జేస్త సారూ" అన్నాడు మా ఆయన. అంతా నోటి మాటే. కాగితం లేదు. ఉన్నా మా ఇద్దరిలో చదివేవాళ్లు లేరు.

వానలు మొదలైనప్పుడు పట్టిన పని చలి వచ్చేదాకా సాగింది. రోజూ ఒక ఆకు తెంపి, ఇత్తడి రేకు మీద పరిచి, దాని చుట్టూ గీత గీసి కోసేవాడు. ఒక ఆకును పురుగు తిన్నది. ఆయన ఆ బెజ్జం కూడా కోస్తున్నాడు.

"పురుగు తిన్నది గూడ కొయ్యాల్నా ఏందయ్యా?"

"తిన్నది తిన్నట్టే ఉండాలె. నువ్వు రుద్దు."

రుద్దడం నా పని. మొదట గరుకు కాగితం, తర్వాత పాత చీర ముక్క. సాయంత్రం ఎండ ఏటవాలుగా షెడ్డులోకి వచ్చేసరికి గాలంతా పసుప్పచ్చని పొడి తేలుతుండేది. నా చేతులు మెరిసేవి, ముంగురులు మెరిసేవి, అన్నం ముద్ద కూడా మెరుస్తున్నట్టే ఉండేది. కళ్లు మూసుకుంటే తీగ పాకుతూ కనిపించేది. అది మా షెడ్డు దాటి, రోడ్డు దాటి, ఎటో పోతూనే ఉండేది. గేట్లు చేసిన ఇన్నేళ్లలో ఒక్క గేటైనా నా కలలోకి రాలేదు.

ఆకుల మధ్య అద్దాలు కూర్చి, చుట్టూ ఇత్తడి అంచు మడిచి నొక్కేశాడు. అలా నొక్కిన ఇత్తడిని మళ్లీ విప్పితే విరుగుతుంది. ఇది గుర్తుంచుకోండి.

హోటల్లో గుమ్మానికి ఎదురుగా తీగను తెరలా నిలబెట్టిన రోజు ఆ సారు వచ్చాడు. చూశాడు. ఆయన ముఖం ముక్కలు ముక్కలుగా ఆయన్నే చూసింది.

"గిదేందయ్యా? కటింగ్ షాపు లెక్క జేసినవ్! మా హోటల్‌కొచ్చేటోళ్లు గడ్డాలు గీయించుకుంటరా?"

"మీరే అద్దాలన్నరు గద సారూ."

"అద్దమంటే అవతలి చెరువు కనవడాలె!"

"అవతల కనవడేది గ్లాసు సారూ. ముఖం కనవడేది అద్దం."

"బస్సు కిటికీకి ఉండేదేంది మరి? అద్దం కాదా? నా కండ్లద్దాలల్ల నాకు నా ముఖమే కనవడ్తదా?"

తీగకు ఆ పక్క భోజనాల హాలు, దాని పెద్ద కిటికీల్లోంచి చెరువు. లోపలికి వచ్చినవాళ్లకు ఆకుల సందుల్లోంచి నీళ్లు కనబడాలని ఆ సారు ఆశ. మేం ఆ నీళ్లకు అడ్డం కట్టాం. హోటల్ తెరిచేలోగా అద్దాలు తీయాలనీ, లేకపోతే వేరేవాళ్లతో తీగను కోయించి పడేస్తాననీ చెప్పి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆయన అన్నం ముట్టలేదు. "నాకు రాత రాకనే గిట్లయింది. రాయించుకుంటే అయిపోతుండె" అన్నాడు. నేను తల దువ్వుకుంటూ కూర్చున్నాను. మా అద్దం పాతది, వెనక పూత ఒక మూల రాలిపోయింది. ఆ మూలలో నా చెవి ఉండాల్సిన చోట గోడ మేకు కనబడుతోంది. రోజూ చూసేదే. ఆ రోజు చూపు అక్కడే ఆగింది.

"ఏమయ్యా, గీ మేకు జూడు" అన్నాను.

చూశాడు. అప్పుడు తిన్నాడు.

మర్నాడు ఆయన భోజనాల హాలు వైపు కూర్చున్నాడు, నేను ఇటు పక్క. ఆయన అద్దం వెనక రంగు ఊడదీసే మందు పూసి, బ్లేడుతో పూత గీకుతున్నాడు. నా ఎదురుగా ఉన్నది నా ముఖమే. కాసేపటికి నా నుదుటి మీద ఆయన బొటనవేలు వచ్చింది. తర్వాత నా చెంపలో ఆయన కన్ను. నేను మెల్లమెల్లగా కరిగిపోతున్నాను, ఆయన వస్తున్నాడు, ఆయన భుజం వెనక నుంచి చెరువు వస్తోంది. నా నోరు ఉన్నచోట ఒక కొంగ నిలబడి ఉంది. నాకు భయం వేయలేదు. ఇంకొంచెం సేపు అలాగే ఉంటే బాగుండుననిపించింది.

"ఏందే గట్ల జూస్తున్నవ్? తుడువు!" అన్నాడు అవతలి నుంచి.

పైన ఒక మూల ముక్కకు నిచ్చెన అందలేదు. అదొక్కటీ అలాగే ఉండిపోయింది.

సారు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఇత్తడి ఆకుల మధ్య చెరువు ఎర్రగా కదులుతోంది. పురుగు తిన్న బెజ్జంలోంచి కూడా ఒక చుక్క నీరు. ఆయన వంగి ఆ బెజ్జంలోంచి చూశాడు.

"ఇగో, గిప్పుడు అద్దమైంది" అన్నాడు చివరికి.

"అప్పుడు గూడ అద్దమే సారూ" అన్నాడు మా ఆయన. ఆ సారుకు నవ్వొచ్చింది. తీగ ఉండిపోయింది.

కానీ 'నాకు రాత రాకనే' అన్న మాట మా ఆయన వదల్లేదు. ఏ చిన్న తప్పు జరిగినా అదే. విని విని విసుగొచ్చి, మచ్చ బొల్లారంలో చర్చి వెనక గదిలో ఆడవాళ్లకు చదువు చెబుతున్నారంటే పోయి కూర్చున్నాను. అప్పటికే తల నెరిసింది. ఒత్తులు వచ్చాక టీచరమ్మను అడిగాను.

"ముఖం జూస్కునే అద్దం ఎట్ల రాస్తరు, బిడ్డా?"

రాసి చూపించింది.

"మరి కిటికీకి పెట్టే అద్దం?"

"అదే అవ్వా. రెండూ ఒక్కటే."

"జర మంచిగ జూడు."

"ఎంత జూసినా ఒక్కటే అవ్వా!" అని నవ్వింది.

ఆ మాట నా చేత్తో రాసి ఇంటికి పట్టుకొచ్చి మా ఆయన ముందు పెట్టాను. "రాయించుకున్నా గట్లనే అవుతుండె. నీ తప్పేం లేదు. ఇగ ఊకో" అన్నాను.

"గిది ఏ అద్దం?"

"ఏదైనా."

నమ్మలేదు. కాగితాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత వెనక్కి తిప్పి, అక్కడ గోరుతో మెల్లగా గీకాడు.