పదకొండు మంది పిల్లల లోకల్ గార్డియన్

వాట్‌గంజ్ బైరాగికి మేనకోడళ్లు, తమ్ముడి కూతుళ్లు, మరదలి మనవరాళ్లు అంతా కలిపి పదకొండు మంది. కలకత్తాలో చదువుకుంటూ ఏడు వేర్వేరు ఇళ్లలో ఉంటున్నారు. వీళ్లలో ఒక్కరికీ ఆయనతో రక్తసంబంధం లేదు. ఈ సంగతి బైరాగికీ తెలుసు, ఆ పిల్లలకీ తెలుసు, వాళ్లను కన్నవాళ్లకీ తెలుసు. తెలియనిదల్లా ఆ ఏడు ఇళ్ల యజమానురాళ్లకే.

ఇందులో బైరాగి తప్పు ఎంత ఉందో, ఊరి ఆచారం తప్పూ అంతే ఉంది. కలకత్తాలో ఆడపిల్ల పేయింగ్ గెస్టుగా చేరాలంటే కాలేజీ కార్డూ ఆధార్ కార్డూ చూపిస్తే సరిపోదు. ఊళ్లో ఒక లోకల్ గార్డియన్ ఉండాలి. ఆయన పేరు, ఫోను నంబరు, సంతకం, ఆపైన ఆ పిల్లకు ఏమవుతాడో కూడా ఫారంలో రాయాలి. విజయనగరం నుంచో వరంగల్ నుంచో వచ్చిన పిల్లకు ఇక్కడ చుట్టాలు ఎక్కడి నుంచి ఊడిపడతారు? ఆరేళ్ల కిందట ఒక తండ్రి తెలుగు సంఘం మెట్ల మీద ఆ ఫారం పట్టుకుని దిక్కుతోచక కూర్చుంటే, డాక్‌లో క్రేన్ నడిపి రిటైరై ఏ పనీ లేక అటుగా పోతున్న బైరాగి చూశాడు. సంతకం పెట్టాడు. అంతే, ఆయన ఫోను నంబరు తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది.

మొదట్లో ఆయన నిజాయితీగా 'తెలిసినవాడు' అని రాసేవాడు. ఫారాలు తిరిగి వచ్చేవి. దగ్గరి బంధువు కావాలన్నారు. అప్పటి నుంచి బంధుత్వాలు నిర్ణయించే బాధ్యత ఆయన భార్య జగ్గమ్మ తీసుకుంది. పిల్లను ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, ముఖం కాసేపు పరీక్షగా చూసి, "ఈ గుంట మీ తమ్ముడి కూతురునాగుంది" అని తీర్పు చెప్పేది. బైరాగి బెంగాలీలో సంతకం చేసేవాడు. పుట్టింది కలకత్తా డాక్ పక్కనున్న వాట్‌గంజ్‌లోనే కాబట్టి ఆయనకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ, రాయమంటే చేతికి పక్షవాతం వస్తుంది.

అన్నట్టు, ఆయన దీన్ని సంతకంతో వదిలేసే మనిషి కాదు. ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు చంకన పెట్టుకుని, రెండు మూడు ఇళ్లు తనిఖీ చేసి వస్తాడు. పరుపు పల్చగా ఉందా, ఫ్యాను తిరుగుతోందా, పిల్ల తింటోందా అని ఆరా తీస్తాడు. క్రేన్ నడిపిన రోజుల్లో కూడా ఇంత హోదా వెలగబెట్టలేదని జగ్గమ్మ అంటుంది.

ఆ పదకొండు మందిలో మౌక్తిక ఒకతె. జగిత్యాల పిల్ల. సంఖ్యాశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది. తండ్రి లేడు. తల్లి అరుణకుమారి ఊళ్లో టైలరింగ్ దుకాణం నడుపుతుంది. జగ్గమ్మ తీర్పు ప్రకారం బైరాగి ఈ పిల్లకు మేనమామ. అంటే ఎన్నడూ చూడని ఆ అరుణకుమారికి అన్నయ్య.

మౌక్తిక ఉండేది జాదవ్‌పూర్‌లో, ఘోషాల్ మాషీమా ఇంట్లో. మాషీమా అంటే పెద్దమ్మో పిన్నో అన్నమాట. ఈవిడ మాత్రం ఆ వరసకు హెడ్‌మాస్టరు. మూడు గదులు, ఆరు మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. గోడకు నిబంధనల పట్టిక. గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు. గీజరు మనిషికి పది నిమిషాలు. గదిలో కరెంటు పొయ్యి కనిపిస్తే అది మాషీమా సొత్తు అవుతుంది. జబ్బు చేస్తే గార్డియన్ వచ్చి తన ఇంటికి తీసుకుపోవాలి. ఒక్క రాత్రి బయట గడపాలన్నా వరండాలో గొలుసుతో కట్టేసిన సెలవు పుస్తకంలో గార్డియన్ సంతకం ఉండాలి. భోజనం మాత్రం బాగానే పెడతారు, చేపల పులుసులో పంచదార తగిలినా ఏమీ అనుకోకపోతే. మౌక్తిక రెండేళ్లుగా ప్రతి ముద్దలోనూ అమ్మ పంపిన మామిడికాయ పచ్చడి కలుపుకుని నెట్టుకొస్తోంది. ఆ పచ్చడి ఒకసారి రుచి చూసిన మాషీమా ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

అలా రోజులు గడిచిపోయేవే గానీ, మాషీమా పొద్దున్నే చెరువు చుట్టూ నడవడం మొదలుపెట్టింది. అక్కడ ఇంకో యజమానురాలు కలిసింది. ఇద్దరూ తమ ఇళ్లలో ఉండే పిల్లల గురించి చెప్పుకున్నారు. మాటల్లో తేలింది ఏమిటంటే, మౌక్తిక మేనమామా, ఆ ఇంట్లో ఉండే విశాఖపట్నం పిల్ల పెద్దనాన్నా ఒకే పేరు, ఒకే గొడుగు, ఒకే ఫోను నంబరు గల మనిషి.

మాషీమా ఇంటికి వచ్చి మౌక్తికను పిలిచింది. ఆదివారం పది గంటలకు ఆ మామ వచ్చి తన ఎదుట నిలబడాలి. తల్లితో వీడియో కాల్ చేయించాలి. ఇద్దరూ అన్నాచెల్లెళ్లని తనకు నమ్మకం కుదరకపోతే సాయంత్రానికల్లా పెట్టె సర్దుకోవాలి. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి పూచీ మీద ఆడపిల్లను ఇంట్లో ఉంచుకునేదాన్ని కాదని చెప్పేసింది. పరీక్షలు ఇంకో పన్నెండు రోజుల్లో ఉన్నాయి. నవంబరు నెలాఖరున జాదవ్‌పూర్‌లో ఖాళీ మంచం దొరకడం కల్ల. మౌక్తిక బైరాగికి ఫోను చేసి ఏడ్చింది. తర్వాత తల్లికి ఫోను చేసి, అన్నయ్య అని చెప్పమ్మా, చాలు, అని బతిమాలుకుంది.

ఆదివారం బైరాగి సందేశ్ మిఠాయి పొట్లంతో సహా హాజరయ్యాడు. మాషీమా పొట్లం వైపు చూడలేదు. సోఫా చివర కూర్చోబెట్టి, మౌక్తికను మధ్యలో నిలబెట్టి, కాల్ చేయమంది. ఫోను తెర మీద జగిత్యాల దుకాణం తెరుచుకుంది. వెనుక రంగురంగుల జాకెట్టు ముక్కలు, మెడలో టేపు వేసుకున్న ఒక సన్నటి ఆడమనిషి కనిపించింది.

"నమస్తే అన్నగారు, మంచిగున్నరా?" అంది అరుణకుమారి.

"ఆఁ, ఆఁ, బాగున్నామండి," అన్నాడు బైరాగి.

మాషీమా కళ్లద్దాలు సర్దుకుంది. ఆవిడకు తెలుగు రాకపోవచ్చు గానీ, ఇద్దరు బ్యాంకు ఆఫీసర్లు పలకరించుకున్నట్టు అన్నాచెల్లెళ్లు పలకరించుకోరని మాత్రం తెలుసు. తానే నేరుగా హిందీలో దిగింది. అటు అరుణకుమారి కూడా హిందీలోనే జవాబిచ్చింది. కలకత్తా హిందీ, జగిత్యాల హిందీ కాసేపు ఎదురెదురుగా నిలబడి ఒకదానికొకటి అందక వెనక్కి తగ్గాయి. చివరకు మౌక్తికే అటూ ఇటూ చెప్పాల్సి వచ్చింది.

మాషీమా గొలుసు విప్పించి సెలవు పుస్తకం తెప్పించి ఒడిలో తెరిచింది. దుర్గాపూజకు తాను పుణెలో కూతురి దగ్గర ఉన్నప్పుడు, మిగతా పిల్లలంతా ఇళ్లకు పోయినప్పుడు, మౌక్తిక ఎనిమిది రాత్రులు బయట గడిపింది. ఎక్కడికి అన్నచోట 'మేనమామ ఇల్లు' అని ఉంది. కింద బైరాగి సంతకం. ఆ ఎనిమిది రోజులూ కూతురు అన్నయ్య ఇంట్లో ఉందని ఆవిడకు తెలుసా, అడుగు, అంది మాషీమా.

మౌక్తిక తల దించుకుని అడిగింది. అబద్ధం చెప్పమని ముందే నేర్పింది గానీ, ఈ ప్రశ్న వస్తుందని ఆ పిల్ల ఊహించలేదు. తల్లి తెల్లబోయింది. పండుగంతా ఘోషాల్ వాళ్ల ఇంట్లోనే ఉన్నానని, రూములో చదువుకుంటున్నానని కదా రోజూ చెప్పావు అంది. మౌక్తిక అది బెంగాలీలోకి మార్చలేదు. మార్చాల్సిన అవసరమూ లేకపోయింది. తల్లి ముఖంలోనే ఉంది.

మాషీమా పుస్తకం మూసింది. తల్లికి చెప్పకుండా, తనకు చెప్పకుండా, ఎనిమిది రాత్రులు ఈ పిల్ల ఎక్కడుంది అని బైరాగిని అడిగింది. ఆ గొంతులో కోపం పోయి భయం వచ్చింది. ఇప్పుడు ప్రశ్న మంచం గురించి కాదని బైరాగికి అర్థమైంది. ఇక మౌనంగా ఉంటే పిల్ల పేరు పాడవుతుంది. నోరు విప్పనని అప్పట్లో ఆ పిల్లకు ఒట్టేశాడు. ఒట్టు తీసి గట్టున పెట్టి, ముందు బెంగాలీలో మాషీమాతో, తర్వాత ఫోను వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"అమ్మా, గుంటకి డెంగీ వొచ్చింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. నీకు సెప్పొద్దని ఏడ్సింది. బతుకమ్మ పండగ, జాకెట్ల పని ముమ్మరంగుంటాది, అమ్మ దుకాణం మూసీసి వొచ్చీస్తాది అంది. నాను ఊరుకున్నాను."

జగిత్యాలలో వెనక ఎవరో కుడుతున్న మిషన్ చప్పుడు ఆగింది. అరుణకుమారి మెడలో టేపు తీసి పక్కన పడేసింది.

"నా బిడ్డ ఎనిమిది దినాలు దవాఖానల పడి ఉంటే నాకు ఒక్క మాట చెప్పవా? దుకాణం బంద్ అయితే అయితది, నా బిడ్డకు ఏమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా? అది చిన్నపిల్ల, దానికి తెల్వది. ఇంత వయసొచ్చింది, నీకు తెల్వదా?"

అన్నగారు పోయింది. మీరు పోయింది. రెండేళ్లుగా ఫోనులో పొదుపుగా వాడిన మర్యాదంతా ఒక్క ఊపులో కొట్టుకుపోయింది. ఆవిడ తిడుతూనే ఉంది. తిడుతూనే ఏడుస్తోంది. ఏడుస్తూనే ప్రశ్నలు వేస్తోంది. రాత్రులు పక్కన ఎవరున్నారు? జగ్గమ్మ. పగలు? నేను. ఏం తిన్నది? గంజి, కొబ్బరి నీళ్లు. రక్తం ఎక్కించారా? ఎక్కించలేదు. ప్రతి జవాబుకూ ఒక క్షణం మెత్తబడి, మళ్లీ మొదటికొచ్చి తిట్టింది. బైరాగి తలవంచుకుని గొడుగు పిడి నులుముతూ వింటున్నాడు. ఆయనకు అక్కచెల్లెళ్లు లేరు. డాక్‌లో ఫోర్‌మన్లు తిట్టారు, ఇంట్లో జగ్గమ్మ తిడుతూనే ఉంటుంది, గానీ ఇలాంటి తిట్లు జీవితంలో తినలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. అదే సమయంలో, చెబితే బాగుండదు గానీ, ఆవిడ ఇంకాసేపు తిడితే బాగుండునని కూడా ఉంది.

"ఇంగోసారి దానికి తుమ్ము వచ్చినా ముందు నాకు ఫోన్ చెయ్యాలె. చెయ్యకపోతే చూడు, నేనే వస్త కలకత్తకు," అని అరుణకుమారి ఫోను పెట్టేసింది.

మాషీమా ఒక్క మాట అర్థం కాకుండానే అంతా విన్నది. చివరకు సందేశ్ పొట్లం విప్పి ఒకటి నోట్లో వేసుకుంది. డెంగీ సంగతి తనకు చెప్పకుండా ఎందుకు దాచారని మౌక్తికను అడిగింది. మౌక్తిక గోడ మీది పట్టిక వైపు చూసింది, జబ్బు చేస్తే తీసుకుపోవాలన్న నిబంధన వైపు. మాషీమా కూడా అటే చూసి, గబగబా ఇంకో సందేశ్ తీసుకుంది. మౌక్తిక ఎక్కడికీ పోనక్కర్లేదు, పోయి చదువుకోమని చెప్పింది.

అక్కడితో ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ బైరాగికి ఒకసారి నిజం చెప్పాక రుచి తెలిసింది. మాషీమా, ఆవిడ నా చెల్లెలు కాదు, ముఖం చూడటం కూడా ఇవాళే మొదటిసారి, ఫారంలో రాసింది అబద్ధం, అన్నాడు.

మాషీమా ఆయన వైపు జాలిగా చూసింది.

"చెల్లెలు నాలుగు మాటలంటే బంధమే లేదనేస్తావా? ముసలితనంలో ఇంత పౌరుషం పనికిరాదు. పరాయివాణ్ని ఎవరైనా అలా తిడతారా?"

ఆయన మళ్లీ చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. ఆ రెండో ఇంట్లో విశాఖపట్నం పిల్ల విషయంలో మాత్రం నువ్వు ఉత్తుత్తి పెద్దనాన్నవే అయి ఉంటావని, ఆ ఇంటావిడకు మనుషుల్ని గుర్తుపట్టడం చేతకాదని తేల్చి చెప్పింది. గుమ్మం దాకా వచ్చి, చెల్లెలికి రేపే ఫోను చేసి క్షమించమని అడుగు అని కూడా ఆజ్ఞాపించింది. మౌక్తిక నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది.

బైరాగి బస్సు మారి వాట్‌గంజ్ చేరేసరికి మధ్యాహ్నమైంది. అరవై ఆరేళ్ల మనిషి ఇన్నేళ్లకు నిజం చెబితే ఎవరూ నమ్మలేదు. దానికి బాధపడాలో వద్దో దారంతా తేల్చుకోలేకపోయాడు. జగ్గమ్మ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. పిల్ల గది సంగతి ఏమైందో తెలియక పొద్దుటి నుంచీ ఆమెకూ కాలు నిలవలేదు.

"ఏటైంది?" అంది.

"గది ఉంది," అన్నాడు బైరాగి. ఒక ముద్ద నమిలి మింగి, "నన్ను మాత్రం సెడామడా తిట్టీసింది," అన్నాడు.

"ఎవులు, ఆ మాషీమానా?"

"కాదే," అన్నాడు బైరాగి. "మా సెల్లి."