మా ఇంట్లో బొంబాయి రక్తం

ఆత్మకూరు కాలేజీలో చదివేటప్పుడు రక్తం ఇచ్చినాను. ముందు 'ఓ' పాజిటివ్ అనుకున్నారు గానీ, నెల్లూరు ల్యాబులో మళ్లీ చూసి, చాలా అరుదైన బొంబాయి గ్రూపని తేల్చినారు. ఈ గ్రూపోళ్లకు ఇదే గ్రూపు రక్తం తప్ప ఇంకోటి ఎక్కించకూడదని, ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయాలన్నారు.

ఉదయగిరిలో మా అవ్వ మండిపడింది.

"బొంబాయి ఏందిరా? మన వంశంలో నెల్లూరు దాటినోడే లేడే!"

అది పేరు మాత్రమేనని, మేనరికాల ఇళ్లల్లో ఎక్కువ కనబడుతుందని పరీక్షకు వచ్చిన డాక్టరు చెప్పినాడు. నాయనకు తన తమ్ముడి కూతుర్నే చేసిన అవ్వ వక్కాకు సంచి వెతుక్కుంటా లోపలికి పోయింది.

నా గ్రూపే వచ్చింది మా అక్క ఒక్కదానికే. చిన్నప్పట్నుంచీ మా ఇద్దరికీ క్షణం పడదు. అప్పుడు తను కడుపుతో ఉండింది. ఆ సాయంత్రం నా ముందు గిన్నెడు వేరుశెనగ ఉండలు పెట్టింది.

"బాగా తినరా. కాన్పులో రక్తం కావాలంటే నువ్వే గతి."

"మరి నాకు దెబ్బ తగిలితే?"

"అందుకే నేను ముందే తినేసినా" అనింది.