దావీదు మావ చిన్న గంట

మా చిన్నప్పుడు... టాటానగర్ రైల్వే కాలనీలో సాయంత్రం దీపం పెట్టడానికి గడియారం ఎవరూ చూసేవారు కాదు. చర్చి గంట వినబడితే చాలు. వీధి చివర నుంచి అమ్మ కేక... "గంట కొట్టేరు, ఇంక ఆటలాపి రాయే."

మా అమ్మ లెక్కలో దేవుళ్ళకి తగువుల్లేవు. గంట ఆ దేవుడిది, దీపం ఈ దేవుడిది, నూనె మాత్రం మాది.

ఆ చర్చి దొరల కాలంలో రైల్వే ఇంగ్లీషు వాళ్ళు కట్టుకున్నది. ఎర్ర ఇటుక, గోడలకి ఇత్తడి పలకలు, వాటి మీద ఎప్పుడో చనిపోయినవాళ్ళ పేర్లు... దొరలు వెళ్ళిపోయారు. వాళ్ళ తర్వాత ఆంగ్లో ఇండియన్ గార్డులూ డ్రైవర్లూ కూడా ఒక్కో కుటుంబమే సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయారు. మిగిలింది మన శ్రీకాకుళం వైపు వాళ్ళూ, కొందరు ఆదివాసీలూ. పొద్దున హిందీ ప్రార్థన, సాయంత్రం తెలుగు ప్రార్థన. అంత పెద్ద చర్చిలో ముందు నాలుగు బెంచీలు నిండితే గొప్ప.

గంట కొట్టేది దావీదు మావ. ఆయనా, శాంతమ్మత్తా చర్చి ఆవరణలోనే ఒక గదిలో ఉండేవారు. పిల్లల్లేరు.

పెద్ద గంట ఊరందరికీ. అది ఆగాక, చప్పుడంతా సద్దుమణిగాక, ఒకే ఒక్క చిన్న గంట వినబడేది... తాడుని మునివేళ్ళతో తాకినట్టు. అది శాంతమ్మత్తకి. 'వచ్చేత్తన్నాను, టీ పెట్టు' అని దానర్థం. "దేవుడి గంటతో పెళ్ళాన్ని పిలిసేవోణ్ణి నిన్నే సూసేన్రా దావీదూ" అని మా నాన్న ఆట పట్టిస్తే, మావ సిగ్గుపడి తల గోక్కునేవాడు.

నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఒక సాయంత్రం ఎప్పట్లాగే గంట మోగింది. అమ్మ కేకేసింది, దీపం పెట్టింది. వీధిలో అన్ని ఇళ్ళలోనూ దీపాలు వెలిగాయి.

అప్పుడొచ్చింది కబురు... మధ్యాహ్నమే దావీదు మావ, చూపించుకోడానికని వెళ్ళిన ఆసుపత్రిలోనే పోయాడని.

అమ్మ నా చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది. మావని గదిలో పడుకోబెట్టారు. తల దగ్గర శాంతమ్మత్త. ఏడవటం లేదు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు... మధ్యాహ్నం ఆయన వస్తాడనుకుని పెట్టినవి.

అమ్మ మెల్లిగా చర్చి అయ్యగారిని అడిగింది. "మరి గంటెవరు కొట్టేరండీ?"

ఆయన వింతగా చూశారు. "ఎవరూ కొట్టలేదమ్మా. గంట గది తాళంచెవి నా జేబులోనే ఉంది."

ఆవరణలో ఉన్నవాళ్ళెవరూ గంట వినలేదు. కాలనీ నుంచి వచ్చిన ప్రతి ఆడమనిషీ వింది. అందరూ దీపాలు పెట్టే వచ్చారు. నేను అమ్మ కొంగు వదల్లేదు.

అప్పుడు శాంతమ్మత్త తలెత్తింది. పెద్దవాళ్ళని కాదు, నన్నడిగింది.

"నువ్విన్నావేటే? ఆకర్న సిన్నది కొట్టేడా?"

అందరూ నా వైపు చూస్తున్నారు. పిల్లలం రోజూ ఆ చిన్న గంట విన్నాకే ఆట వదిలేవాళ్ళం. ఆ రోజు చాలాసేపు చూశాం... అది రాలేదు.

"నేదత్తా" అన్నాను.

ఆవిడ మొహంలో భయం పోయింది. ఏదో తేలికపడినట్టు కళ్ళు తుడుచుకుంది. "అయితే ఇంకా బయల్దేరనేదు" అంది. "ఆ నీళ్ళు పారబొయ్యకండి."

తర్వాత ఎన్నేళ్ళో... రోజూ సాయంత్రం గంట ఆగగానే శాంతమ్మత్త గుమ్మంలో నిలబడేది. కొత్తగా గంట కొట్టే అబ్బాయి పాపం జాలిపడి ఒకసారి చిన్న గంట కూడా కొట్టాడు. "అది ఆయన సెయ్యి కాదు బాబూ, మానెయ్" అందట.

గోపురం బీటలిచ్చాక గంటని కిందికి దించి వరండాలో పెట్టేశారు. ఇప్పుడు సాయంత్రం స్పీకర్లో రికార్డు మోగుతుంది. శాంతమ్మత్త దానికీ గుమ్మంలో నిలబడేది. నాన్న రిటైరయ్యాక కాలనీ పక్కనే జుగ్సలాయిలో ఇల్లు కట్టుకున్నారు, రికార్డు అక్కడి దాకా వినబడుతుంది. నేను ఊరికి ఆ చివర బారిడీహ్‌లో ఉంటాను, సెలవులకి అమ్మ దగ్గరికి వెళ్తుంటాను.

పోయిన చలికాలం ఒక సాయంత్రం అమ్మ దీపం పెట్టబోతోంది. స్పీకర్ గంట మోగి ఆగింది. వరండాలో ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తింది.

"మమ్మీ, ఆఖిర్ మే వో ఛోటా వాలా క్యా థా?"

చివర్లో మోగిన ఆ చిన్నది ఏమిటని అడుగుతోంది. దానికి ఈ కథ ఎవరూ చెప్పలేదు. నాకేమీ వినబడలేదు. అమ్మకీ వినబడలేదు. అమ్మ చేతిలో అగ్గిపుల్ల వేలి దాకా కాలింది.

"సెప్పులేసుకోయే" అంది అమ్మ. "శాంతమ్మ దగ్గరికెళ్దాం."

గది తలుపు తీసే ఉంది. పొయ్యి ఆర్పి ఉంది, గిన్నె ఇంకా వేడిగానే ఉంది. శాంతమ్మత్త గోడకి ఆనుకుని కూర్చుంది, నిద్రపోయినట్టు... అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకు చూసి, కిందపెట్టి, బయటికొచ్చి మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

నేను లోపలే ఉండిపోయాను. ఆవిడ ముందు రెండు గ్లాసులున్నాయి. రెండింట్లోనూ టీ అడుగు దాకా తాగేసి ఉంది.

ఇప్పుడు ఫోనులు వచ్చాక గంట విని దీపం పెట్టేవాళ్ళు మా వైపు అమ్మ తప్ప లేరు. మీ ఊళ్ళో పొద్దుగూకిందని ఏ చప్పుడు చెప్పేది? గుర్తుంటే కింద రాయండి, చదువుతాను... నేను మాత్రం అమ్మ ఇంటికి వెళ్ళినప్పుడల్లా, గంట ఆగాక ఇంకాసేపు అటే చెవి పెట్టి వింటాను. మా ఆయన ఎందుకని అడుగుతారు. టీ పెడుతున్నానని చెప్తాను.