ఓబులమ్మ వద్దన్న మెయిల్ ప్రోగ్రామ్

అనంతపురం జిల్లాను రెండుగా విడదీసిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను పుట్టపర్తి కార్యాలయం నుంచి అనంతపురానికి బదిలీ చేశారు. నా హోదా సహాయ మేనేజర్, కంప్యూటర్ విభాగం. వేరుశనగ విత్తనకాయలు సేకరించి, పరీక్ష చేయించి, తొలకరికి ముందే రైతులకు చేర్చడం మా సంస్థ పని.

నేను చేరిన కొద్దిరోజులకే ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఏళ్లుగా వాడుతున్న మెయిల్ ప్రోగ్రామ్‌కు దాని తయారీదారులు మద్దతు ఆపేస్తున్నారు. వాళ్లు బదులుగా ఇస్తున్నది నెట్ లేకపోతే సగం పనులు చేయదు. కాబట్టి డెస్క్‌టాప్‌లో నడిచే మరొక మెయిల్ ప్రోగ్రామ్‌ను పరీక్షించి సిఫారసు చేయమన్నారు. బ్రౌజర్‌లోనే మెయిల్ చూసుకోవచ్చు కదా అని ఈ రోజుల్లో ఎవరైనా అడుగుతారు. విడపనకల్లు గోడౌన్‌లో గాలి గట్టిగా వీస్తే నెట్ పోయేది. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అయితే వచ్చిన మెయిళ్ల ప్రతులన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. రాసిన జవాబు అవుట్‌బాక్స్‌లో ఆగి, లైను రాగానే దానంతటదే వెళ్లిపోతుంది.

మూడు ప్రోగ్రామ్‌లను ఎంచుకున్నాను. పాత మెయిళ్లు చెడకుండా కొత్తదానిలోకి రావాలి, తెలుగు అక్షరాలు సరిగా కనిపించాలి, వెతికితే పాత మెయిల్ త్వరగా దొరకాలి. ఈ పరీక్షల్లో మొదటిది ముందు నిలిచింది. చూడటానికి అందంగా ఉంది, క్యాలెండర్ ఉంది, ఒకే విషయం మీద సాగిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నిటినీ ఒకే వరుస కింద చేర్చి చూపిస్తుంది. దాన్నే ప్రయోగాత్మకంగా అన్ని సెక్షన్లలో పెట్టాం. అందరూ బాగుందన్నారు, ఒక్క ఓబులమ్మ తప్ప.

ఓబులమ్మ టపాల సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్. కార్యాలయానికి వచ్చే ప్రతి మెయిల్ ముందు ఆమె చూసి, సంబంధించిన సెక్షన్‌కు పంపాలి. ఆమెది కదిరి వైపు. మాట కరుకు, పనిలో ఆలస్యం ఉండదు.

"ఇది వద్దు సార్. పాతదే ఉండనీండి" అంది.

పాతది ఇక ఉండదని చెప్పి, దీనిలో ఏం ఇబ్బందో చెప్పమన్నాను. "ఇబ్బందేం ల్యా. నాకు కుదరదు, అంతే" అని కీబోర్డు వైపు తిరిగింది. కొత్తదంటే గిట్టని మనుషులు ప్రతి ఆఫీసులో ఉంటారు, అలవాటైతే సర్దుకుంటుందిలే అన్నారు మా జిల్లా మేనేజర్. నేనూ అలాగే అనుకున్నాను.

విత్తనాల పంపిణీలో ఒక క్రమం ఉంది. గోడౌన్‌లోని బస్తాలను లాట్లుగా విభజించి, ప్రతి లాటు నుంచి నమూనా తీసి ల్యాబ్‌కు పంపుతారు. మొలక శాతం సరిపోయిందని ల్యాబ్ మెయిల్ పెడితే, ఆ లాటును విడుదల చేయమని మేము గోడౌన్‌కు మెయిల్ పెడతాం. ఆ వేసవి చివర్లో విడపనకల్లు లాటు ఒకటి పాసైంది, విడుదల ఉత్తర్వు వెళ్లింది. తర్వాత ల్యాబ్ వాళ్లు అనుమానమొచ్చి మళ్లీ పరీక్ష చేస్తే అది ఫెయిలైంది. లాటును నిలిపేయమని వాళ్లు తమ పాత మెయిల్‌కే జవాబుగా మాకు మరో మెయిల్ పంపారు.

ఆ మెయిల్ గోడౌన్‌కు చేరలేదు. మరునాడు ల్యాబ్ అధికారి, లాటు ఆపారా అని మేనేజర్‌కు ఫోన్ చేస్తే గానీ విషయం బయటపడలేదు. మేనేజర్ వెంటనే గోడౌన్‌కు ఫోన్ కలిపారు.

"సగం లారీ ఎక్కించినాము సార్" అన్నాడు అక్కడి ఇన్‌ఛార్జి.

"దించేయప్పా, అన్నీ దించేయ్!" అని అరిచారు మేనేజర్.

లారీ కదలలేదు కాబట్టి సరిపోయింది. ఈ నేలలో విత్తనం వేసేంత తడి పదును దొరికేది ఒక్కసారి. ఆ ఒక్క వానకు మొలవని కాయలు వేసిన రైతుకు ఆ ఏడాది పంట లేనట్టే. ఓబులమ్మకు మెమో ఇవ్వాలని మేనేజర్ నిర్ణయించారు. ప్రోగ్రామ్‌లో లోపం ఉందేమో చూసి చెప్పమని నన్ను పంపారు.

ఆమె కంప్యూటర్‌లో ఆ మెయిల్ ఉంది. పాత మెయిల్ వరుస కిందే చేరింది. ఆ వరుస కుడి చివర ఒకటి అన్న అంకె రెండుగా మారింది, అంతే.

"మెయిల్ ఈడనే ఉండాది గదమ్మా, చూసుకోలేదా?" అన్నాను.

"యాడ సార్?"

వేలు పెట్టి చూపించాను. నా వేలి వైపు ఆమె చూపు రాలేదు. ముఖమంతా కుడికి తిప్పి, స్క్రీన్ మీద పైకీ కిందికీ వెతికి, కాసేపటికి ఆ అంకెను పట్టుకుంది. కింద పడ్డ సూదిని వెతికినట్టుంది ఆ చూడటం. నాకు అప్పుడు అర్థమైంది.

తలుపు మూసి రమ్మంది. "ఎదురుగా ఉండేది కనపడ్తాది సార్. పక్కలు కనపడవు. శానా ఏండ్లాయ. మా అన్నకూ ఇట్లనే మొదలాయ, ఇప్పుడు ఆయప్పకు ఏమీ కనపడదు. మేనరికం వల్లనే అన్నారు డాక్టర్లు. పాతదాంట్లో ఏ కీ కొడితే ఏమొస్తాదో నాకు తెలుసు, చూడకపోయినా జరిగిపోతాండె."

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే ఈడ నుంచి తీసి యాడో ఓ మూల కూర్చోబెడ్తారు. పని ల్యాకుండా జీతం తీసుకునేది నాకొద్దు" అంది.

మేనేజర్‌కు నివేదిక ఇవ్వక తప్పదని, అయితే ఆమె ఆరోగ్యం సంగతి ఆమె ఒప్పుకోకుండా రాయనని చెప్పాను. ఆమె లేచి, "నేనే చెప్పుకుంటా" అని మేనేజర్ గదికి బయలుదేరింది. నేను వెంట వెళ్లాను.

మేనేజర్ మొత్తం విన్నారు. "ముందే చెప్పింటే మెమో దాకా యాల వచ్చునమ్మా?" అన్నారు.

"చెప్పింటే ఈ కుర్చీలో ఉంచుతాంటిరా సార్?"

సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని చట్టం చెబుతుంది. అది మేనేజర్‌కు తెలుసు. కానీ విత్తనం విషయంలో మరో పొరపాటు జరిగితే బాధ్యత కూడా ఆయనదే. మెమో ఆపి, ఆమె ఆ పని చేయగలదా లేదా అన్నది పరీక్షించి రాతపూర్వకంగా చెప్పమని నన్ను ఆదేశించారు. అప్పటిదాకా లాటు నిలిపేయాలన్న కబురును ల్యాబ్ వాళ్లు ఫోన్‌లో కూడా చెప్పేట్టు ఏర్పాటు చేశారు.

ఆ మూడు ప్రోగ్రామ్‌లనూ మళ్లీ మొదటినుంచి పరీక్షించాను. ఈసారి మానిటర్ ఆపేసి, స్క్రీన్ రీడర్ పెట్టాను. తెరమీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. అందరూ మెచ్చిన మొదటి ప్రోగ్రామ్‌లో అది "బటన్, బటన్, బటన్" అని మాత్రమే పలికింది. ఆ బటన్ల బొమ్మలకు తయారుచేసినవాళ్లు పేర్లు పెట్టలేదు. రెండోది మెయిళ్ల జాబితా దాకా చదివి, జవాబు రాసే చోట మూగబోయింది. మూడోది చూడటానికి పాతకాలం వస్తువులా ఉంటుంది. కానీ పంపినవారి పేరు, విషయం, తేదీ, జతచేసిన ఫైలు ఉందో లేదో అన్నీ చదివింది. మెయిళ్లను ఒకే వరుస కింద చేర్చే పద్ధతిని తీసేయవచ్చు. మౌస్ ముట్టకుండా పనంతా చేయవచ్చు.

దాన్ని ఓబులమ్మ కంప్యూటర్‌లో పెట్టాను. మొదటిరోజు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినగానే, "ఎవరప్పా ఈయప్ప, తెలుగు ఇట్ల మాట్లాడతాండాడు!" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. లాటు నంబర్లను ఆ గొంతు కలిపి చదివేస్తే తికమకపడేది. ఒక మధ్యాహ్నం హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టి, "నాతో కాదు సార్, అట్లనే రాసిచ్చేయండి" అంది. అంకెలను విడివిడిగా చదివేట్టు అమరిక మార్చి, మరో వారం చూద్దామన్నాను. ఆ వారమంతా హెడ్‌ఫోన్ పెట్టుకునే పని చేసింది. నంబర్లు తప్పులు లేకుండా రావడం మొదలైంది.

మూడోదాన్ని సిఫారసు చేశాను. ఓబులమ్మ అనుమతితో కారణం కూడా రాశాను. ప్రధాన కార్యాలయం మా జిల్లా వరకు ఒప్పుకుంది, మిగతా జిల్లాలకు మొదటిదాన్నే ఇచ్చింది. క్యాలెండర్ పోయిందని మా కుర్రకారు సణిగారు. తర్వాతి సీజన్‌లో టపాలు ఓబులమ్మే చూసింది. లాట్ల విషయంలో పొరపాటు రాలేదు. నేను రిటైరయ్యే నాటికి ఆమె చూపు ఇంకా తగ్గింది. ఇప్పటికీ అదే సెక్షన్‌లో పనిచేస్తోంది.

ఆ సంఘటన తర్వాత మిగిలిన నా సర్వీసులో ఏ ప్రోగ్రామ్ మార్చాల్సి వచ్చినా, బాగుందన్నవాళ్లను వదిలి, వద్దన్నవాళ్ల పక్కన ముందు కూర్చున్నాను. కారణం అడగలేదు, పని చేస్తుంటే చూశాను. అడిగితే చాలామంది చెప్పరు. చెప్పడం వల్ల ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు.