డ్రైవరు లేని కారుకు నిమ్మకాయలు

ఆ రోజుల్లో (మరీ పాతవి కావు, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న రోజులే) దొరికిన పనిని మనసు పెట్టి చేస్తే చాలు, మిగతాది దేవుడు చూసుకుంటాడని గట్టిగా నమ్మేదాన్ని. బడికి వెళ్లకుండా నాన్న దగ్గరే చదువుకున్నదాన్ని. పరీక్షలన్నీ పాసైనా, నన్ను పనిలో పెట్టుకునే ధైర్యం చాలామందికి లేకపోయింది. ఆఖరికి మదురైలో ఒక చిన్న కంపెనీ వాళ్లు, రాజపాళయంలో మా ఇంటి నుంచే చెయ్యమని, తాత్కాలికంగా తీసుకున్నారు. ఆ మేలు ఇప్పటికీ తలుచుకుంటాను. డ్రైవరు లేకుండా నడిచే కారును నిజం రోడ్డు మీదికి వదిలే ముందు కంప్యూటరులో ఒక ఉత్తుత్తి ఊరు కట్టి, అందులో నడిపి చూస్తారు. ఆ ఊరు కట్టడం నా పని. కారు ఈ కొస నుంచి ఆ కొసకు దేనికీ తగలకుండా వెళ్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే లేదు. మా పై అధికారి ఆ సంగతి ముందే చెప్పేశారు. ప్రతి మాటకీ 'సరి' అంటారు కనుక మా ఇంట్లో ఆయన పేరు సరి సార్.

నాకు బాగా తెలిసిన రోడ్డు ఒకటే, మా ఇంటి నుంచి బస్టాండుకు వెళ్లేది. దాన్నే వేశాను. టీ కొట్టు, కరెంటు స్తంభాలు, తళవాయిపురం బస్సు, రోడ్డు మధ్యలో పడుకున్న తెల్ల కుక్క (మా ఊరి జాతి, హారన్‌ను లెక్క చెయ్యదు). ముందర ఏ వస్తువున్నా ఆగాలనీ, పక్కన దారి ఉంటే తప్పుకుని పోవాలనీ కారుకు నేర్పాను. అంతా కుదిరిందని దండం పెట్టుకుంటూ ఉంటే అవ్వ వచ్చి తెరలోకి తొంగి చూసింది.

"ఏమే పాపా, ఇదేనా నీ బండి? డ్రైవరు ఏడి?"

"డ్రైవరు లేడవ్వా. అదే పోతుంది."

"అట్లయితే దేవుడే తోలాల. నిమ్మకాయలు పెట్టినావా?"

"ఇది బొమ్మ బండి అవ్వా!"

"బొమ్మకా నీకు సంబళం ఇస్తుండారు?"

సంబళమంటే జీతం, అది మాత్రం బొమ్మది కాదు. మా వైపు ఏ కొత్త బండి అయినా చక్రాల కింద నిమ్మకాయలు నలిపాకే రోడ్డెక్కుతుంది. పసుపుపచ్చని గుండ్లు చేసి ఒక్కో చక్రం ముందు ఒక్కోటి ఉంచాను. అవ్వ ల్యాప్‌టాప్ మూలకు కుంకుమ పెట్టింది. ఆ తర్వాత ఒక్కసారైనా నడిపి చూడాలి కదా? చూడలేదు. నిమ్మకాయలు పెట్టాక మొదటి నడక మంచి గడియలోనే జరగాలి, అది మర్నాడు పొద్దున ఉంది. (సరి సార్ పెట్టిన మీటింగూ అప్పుడే ఉండటం దైవసంకల్పమనుకున్నాను.)

మర్నాడు కాల్‌లోకి సరి సార్ వచ్చారు, చెన్నై నుంచి ఇంకొక ఇంజనీరు వచ్చారు. నేను స్టార్టు నొక్కాను. కారు కదల్లేదు. మళ్లీ నొక్కాను. ఉహూఁ.

"ఏమ్మా, ఆ కుక్క లేచేదాకా ఉంటుందా?" అన్నారు చెన్నై ఆయన.

"సరి, చక్రం కాడికి పోయి చూపించండి," అన్నారు సరి సార్. "ఏమది, టెన్నిస్ బాలా?"

"నిమ్మకాయలు, సార్."

ముందర ఏమున్నా ఆగమని నేర్పింది నేనే, అది బుద్ధిగా ఆగింది. ఇంతలో నా వెనక నుంచి అవ్వ కేక వేసింది: "ఎక్కించమనవే! నలిగితే కదా బండి కదిలేది!"

చెన్నై ఆయన పగలబడి నవ్వారు. నిమ్మకాయల్ని తీసేసే మీట మీద నా వేలు ఉంది. తియ్యకపోతే ఉద్యోగం పోతుంది, తీస్తే అవ్వ చూస్తోంది.

"తియ్యొద్దు," అన్నారు సరి సార్. ఆయనది మా పక్కూరే, సేత్తూరు. "పెట్టింది తీసేది బాగుండదు. మన కంటికి ఉండనీ, కారు కంటికి లేనట్టు చెయ్యండి. సరి?"

చేశాను. కారు నిమ్మకాయల్లోంచి దూసుకుపోయి, కుక్కను తప్పించి, బస్సుకు దారి ఇచ్చి, బస్టాండు చేరి ఆగింది.

"నలిగినాయా?" అంది అవ్వ.

తెర మీద అవి గుండ్రంగా, చెక్కు చెదరకుండా మెరుస్తున్నాయి.

"బాగా నలిగినాయి అవ్వా," అన్నారు సరి సార్. తర్వాత నాతో, "సరి. వచ్చే నెల లారీ చెయ్యాల. చక్రాలు ఎక్కువ. అవ్వకు ముందే చెప్పి పెట్టండి," అన్నారు. ఉద్యోగం ఖాయమైందని నాకు తెలిసింది అలాగే.

ఇప్పుడు నా కార్లు పెద్ద పెద్ద ఊళ్లలో తిరుగుతున్నాయి. మీట నొక్కే ముందు పదిసార్లు సరిచూసుకుంటాను, మంచి గడియ కోసం ఆగను. పని తప్పకుండా జరుగుతుంది. అయినా ఒక్కోసారి, ఒక్కసారైనా నడిపి చూడకుండా తెల్లవార్లూ నిశ్చింతగా నిద్రపోయిన ఆ పిల్ల గుర్తొస్తుంది. అంత నిద్ర నాకు ఈమధ్య పట్టడం లేదు.