తాళం లోపల నాన్‌ఖటాయి

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో కాపురముండే సౌభాగ్యకు బేకింగ్ అంటే ప్రాణం. పెళ్లికి ముందు మహిళా పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న పని అది. వంటింటి గట్టును సగం ఆక్రమించిన పెద్ద ఓవెన్‌లో ఆదివారమొస్తే నాన్‌ఖటాయి బిస్కిట్లు, కొబ్బరి కూరిన దిల్‌పసంద్, బ్రెడ్డు చేసేది. నెయ్యీ యాలకుల వాసన మెట్లు దిగి కింది వాటాకు చేరేసరికి నాగరత్నంగారు ఖాళీ గిన్నె పట్టుకుని పైకొచ్చేవారు. "ఏవమ్మాయ్, వాసన పంపించేసి ఊరుకుంటావా?" అనడం ఆవిడ పలకరింపు. గుంటూరు వదిలి ఇన్నేళ్లయినా ఆవిడ యాస మారలేదు.

సౌభాగ్య మామగారు బాలకిషన్ అబిడ్స్‌లో గొడుగులు, సూట్‌కేసులు అమ్మిన మనిషి. దుకాణం మెట్టెక్కినవాణ్ని ఉత్త చేతులతో దింపేవాడు కాదని పేరు. అలాంటివాడు ముందు గొడుగుల ధరలు మరిచాడు, తర్వాత సొంత చెల్లెలి పేరు మరిచాడు. ఒకరోజు పొద్దున్నే దుకాణం తెరవాలని బయల్దేరి, దారి తప్పి, స్టేషన్ ప్లాట్‌ఫాం మీద సాయంత్రం దాకా కూర్చుండిపోయాడు. ఇప్పుడు దుకాణం చూసుకునే కొడుకు జితేందర్ వెతికి వెతికి ఇంటికి తెచ్చి, మర్నాడే ముందు తలుపుకు ఇనుప జాలీ గేటు పెట్టించాడు. దానికి ఎప్పుడూ తాళం. ఒక తాళంచెవి జితేందర్ జేబులో, ఒకటి సౌభాగ్య మెడలో.

"నువ్వు ఎట్లనో ఇంట్లనే ఉంటవ్ గద. నీకేం ఫరక్ పడది" అన్నాడు భర్త.

నిజమే కదా అనుకుంది ఆమె. ఫరక్ తర్వాత తెలిసింది. కూరగాయలకు వెళ్లాలన్నా మామగారు నిద్రపోయేదాకా ఆగాలి. ఆయనకు పగటి నిద్ర పట్టదు. కోఠికి వెళ్లి సామాన్లు తెచ్చుకోవడం ఆగిపోయింది. అన్నీ ఫోన్లోనే తెప్పించడం, గేటు సందులోంచి సంచి అందుకోవడం. ఉప్పు తెచ్చినవాడితో కూడా రెండు మాటలు ఎక్కువ మాట్లాడాలనిపించేది ఆమెకు.

మిగిలింది ఓవెన్ ఒక్కటే. ఒక మధ్యాహ్నం అదీ పోయింది. బ్రెడ్డు కాలుతుండగా సౌభాగ్య పెరట్లోకి తెరుచుకునే కిటికీ వేయడానికి వెళ్లింది. అంతలో బాలకిషన్ వంటింట్లోకి వచ్చి, ఓవెన్‌ను దుకాణంలోని డబ్బుల తిజోరి అనుకుని తలుపు లాగి చెయ్యి పెట్టాడు. ఆ కేకకు నాగరత్నంగారు కూడా పైకి పరిగెత్తుకొచ్చారు. అరచెయ్యి బొబ్బలెక్కింది. దవాఖాన నుంచి ఆయన కట్టుతో తిరిగొచ్చాడు. రెండ్రోజుల తర్వాత మనుషులొచ్చి ఓవెన్ ఎత్తుకుపోయారు. కాచిగూడలో ఉన్న తన చెల్లెలికి ఇచ్చేశానని ఆ రాత్రి జితేందర్ చెప్పాడు. దాని చోట నల్లటి డబ్బా ఒకటి పెట్టాడు.

"ఎయిర్ ఫ్రైయర్. బయట వేడి తగలది, నాయినకు ఫికర్ లేదు. నీ బిస్కిట్లు గిండ్ల చేసుకో."

"నన్నొక్క మాట అడగాలె గద" అంది సౌభాగ్య.

"అడిగితే ఇయ్యనిస్తుంటివా?" అన్నాడతను.

చాలా రోజులు సౌభాగ్య ఆ డబ్బా వంక చూడలేదు. చివరికి, మధ్యాహ్నాలు గోడలు మీదికి వస్తున్నట్టు అనిపించే కాలంలో, మూత తెరిచింది. ఓవెన్ లెక్కనే నూట ఎనభై డిగ్రీలు పెట్టి కేకు పిండి పోసింది. పైన నల్లగా మాడింది, కత్తి దింపితే లోపల జారుగా పచ్చిపిండి. మరోసారి నాన్‌ఖటాయి కింద పరిచిన బటర్ పేపర్ డబ్బా లోపలి ఫ్యాను గాలికి లేచి పైనున్న కాయిల్‌కు అంటుకుంది. ఇల్లంతా పొగ. దగ్గుతూ గేటు తాళం తీద్దామని పరిగెత్తింది గానీ, మండే కళ్లకు తాళం కన్నం కనిపించలేదు. గాలి కోసం జాలీకి ముఖం ఆనించి నిలబడింది. వెనక బాలకిషన్ ఆమె భుజం పట్టుకుని "దుకాణం కాలుతుందా బిడ్డా?" అని అడిగాడు.

ఆ రోజు ఆమె ఏడ్చింది. ఏడ్చాక మళ్లీ పిండి కలిపింది, వేరే చేసేదేముంది?

మెల్లగా ఆ డబ్బా స్వభావం అర్థమైంది. ఓవెన్‌లో వేడి నిదానంగా చుట్టూ నిలబడుతుంది. ఇందులో వేడి గాలి పైనుంచి సుడి తిరుగుతూ కొడుతుంది. అందుకే డిగ్రీలు ఒక ఇరవై తగ్గించాలి. సమయమూ తగ్గించి, ముందుగానే ఒకసారి తెరిచి చూడాలి. కేకుకు లోతు తక్కువ గిన్నె, పైన రంగు రాగానే రేకు కాగితం. ఆ కాగితాన్ని గిన్నె అంచుల కిందికి గట్టిగా మడిచెయ్యాలి, లేకపోతే లేచిపోతుంది. బిస్కిట్ల మధ్య గాలి ఆడేంత ఖాళీ ఉండాలి. బుట్ట నిండా కుక్కితే పక్కలు మెత్తబడతాయి. పెద్ద ట్రే నిండా ఒక్క వాయిలో అయ్యే పనికి ఇప్పుడు సాయంత్రమంతా పట్టేది. దిల్‌పసంద్ కుదరడానికి నెలలు పట్టింది. అడుగు పచ్చిగా ఉండిపోతుంటే, సగం కాలాక తిరగేసి కాల్చవచ్చని తట్టిన రోజు తనే గట్టిగా నవ్వుకుంది.

ఆమెతో పాలిటెక్నిక్‌లో చదివిన వైశాలి గన్‌ఫౌండ్రీలో ఒక హాలు కిరాయికి తీసుకుని వంట క్లాసులు నడుపుతుంది. తన క్లాసుకొచ్చిన నాగరత్నంగారి ద్వారా సంగతి విని ఫోన్ చేసింది.

"అక్కా, అందరి ఇండ్లల్ల గదే డబ్బా ఉన్నది, ఎవ్వరికీ కేకు రాదు. వచ్చే ఆదివారం ఒక క్లాసు చెప్పు జర."

సౌభాగ్యకు ఆ వారమంతా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆదివారం ఇంట్లో ఉంటానని జితేందర్ మాటిచ్చాడు. ఆదివారం పొద్దున్నే ఫోనొచ్చి, స్టాకు లారీ నిలబడ్డదంటూ చెప్పులు వేసుకున్నాడు. "జల్దీ వస్త" అన్నాడు. రాలేదు. నాగరత్నంగారు ఆ రోజే పెళ్లికి వెళ్లారు.

ఎన్నడూ లేనిది, భోజనం చేసిన బాలకిషన్ కునుకు తీస్తున్నాడు. సౌభాగ్య పిండి డబ్బా చంకలో పెట్టుకుని, బయటి నుంచి గేటుకు తాళం వేసి మెట్లు దిగింది. ఆటో ఎక్కింది. బయటి గాలి ముఖానికి హాయిగా తగిలింది. అబిడ్స్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగింది. లేస్తే? నీళ్లకని వంటింట్లోకి వెళ్తే? గ్యాసు కట్టేశానా?

"అన్నా, వెనక్కి తిప్పు."

"ఏందమ్మా, గిప్పుడే గద..."

"తిప్పు అన్నా, దండం పెడత."

మెట్ల మొదట్లోనే చప్పుడు వినిపించింది. బాలకిషన్ రెండు చేతులతో జాలీని బాదుతున్నాడు. "ఎవరన్న షట్టర్ తియ్యుండ్రి! లోపట మనిషి ఉన్నడు! లోపట మనిషి ఉన్నడు!"

ఆమె తాళం తీసింది. చెమటతో తడిసిన ఆయన ముఖం కొంగుతో తుడిచింది. ఈ గేటు లోపల ఇద్దరమూ చిక్కుకుని ఉన్నామన్న సంగతి అన్నాళ్లలో ఎన్నడూ ఆమెకు తోచలేదు.

"మామా, చెప్పులేసుకో. పోదాం పా."

"దుకాణానికేనా?"

"ఔ, దుకాణానికే."

క్లాసు ఆలస్యంగా మొదలైంది. బాలకిషన్‌ను ముందు కుర్చీలో కూర్చోబెట్టి సౌభాగ్య చెప్పసాగింది. కాసేపటికి ఆయన లేచి ఆడవాళ్ల మధ్యకు వెళ్లి, "ఏం చూపియ్యాలె తల్లీ? గొడుగా, పెట్టెనా?" అని మర్యాదగా అడిగాడు. కొందరు నవ్వారు. సౌభాగ్య చెవులు వేడెక్కాయి, అయినా మాట ఆపలేదు. హాల్లోని ఫ్రైయర్‌లో మొదటి వాయి నాన్‌ఖటాయి పగుళ్లిచ్చి, గుల్లగా, లేత రంగులో వచ్చింది. రెండో వాయి లోపల ఉండగా ఆయన తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి నడిచాడు. పిండి చేతులతోనే ఆమె మెట్ల మీద పరిగెత్తి పట్టుకుంది. వెనక్కి తెచ్చేసరికి వాయి మాడిపోయింది, సగంమంది లేచారు.

"క్లాసు మస్తుగున్నదక్కా" అంది వైశాలి చూపులు తిప్పుకుని. "గని మామయ్యతోని అంటే కష్టమైతది. నలుగురు నలుగురిని మీ ఇంటికే పంపిస్త, సరేనా?"

అలా శనివారాలు నలుగురు ఆడవాళ్లు పైకి రావడం మొదలైంది. వాళ్లు రాగానే సౌభాగ్య గేటుకు తాళం వేసేది. మొదటి రోజే మేఘన అనే బ్యాంకు ఉద్యోగి అడిగింది, "తాళం ఎందుకాంటీ?" అని. కారణం చెబితే తలూపింది. కానీ మాటిమాటికీ గేటు వైపే చూస్తూ, క్లాసు సగంలో ఉండగా లేచి నిలబడింది.

"సారీ ఆంటీ. ఊపిరాడట్లేదు. కొంచెం తీయండి, ప్లీజ్."

సౌభాగ్య తాళం తీసింది. ఆ పిల్ల మెట్లు దిగుతున్న శబ్దం వింటూ కాసేపు గేటు దగ్గరే ఉండిపోయింది.

ఆ సాయంత్రం జితేందర్‌కు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుంది. "ఇయ్యాల ఒక పోరికి గంటసేపు కూడ ఊపిరాడలే గీడ" అంది. "నేను ఏండ్ల సంది ఉన్న. నువ్వు అడగలే, నేను చెప్పలే. ఇగ ఆదివారం పగలు నువ్వు ఉండాలె. తాళంచెవి నీ మెడల ఏసుకో."

"దుకాణం ఎవరు చూస్తరు?"

"ఇల్లు ఎవరు చూస్తున్నరో, వాళ్లను అడుగు."

ఆ ఆదివారం జితేందర్ ఇంట్లో ఉన్నాడు. సౌభాగ్య పనేమీ లేకపోయినా అబిడ్స్ దాకా నడిచి, షాపుల అద్దాలు చూసి, నిలబడి చాయ్ తాగి వచ్చింది. తిరిగొచ్చేసరికి జితేందర్ చొక్కా చెమటతో తడిసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బాలకిషన్ దుకాణం తీయమని అడుగుతూనే ఉన్నాడు.

"రోజూ గిట్లనేనా?" అన్నాడు జితేందర్.

"ఔ."

తర్వాతి ఆదివారం స్టాకు వచ్చిందని వెళ్లిపోయాడు. ఆ పై ఆదివారం ఉన్నాడు. ఉన్న ఆదివారం ఆమె కోఠికి వెళ్లి, చేతులతో తాకి, వాసన చూసి యాలకులు తెచ్చుకుంది.